ఫిరంగి టవర్లో నలభై నిమిషాలు

పంపు ఆగేసరికి పది నలభై అయింది. డిటెక్టివ్ ఆ అంకెను చిన్న పుస్తకంలో రాసుకుని, పక్కన ఇంజనీరు చేత సంతకం పెట్టించుకున్నాడు. స్టేషన్లో ఆయన్ని వెనకాల అందరూ నిమిషాల సారు అంటారు. పేరు పెట్టింది వెక్కిరింతకే అయినా ఆయనకి అది నచ్చింది.

ఇంజనీరు సంతకం పెడుతూ నవ్వాడు. పైపుల్లో సిమెంటు మాలు నలభై నిమిషాలకు మించి కదలకుండా ఉంటే గట్టిపడిపోతుందనీ, అందుకని పదకొండూ ఇరవైకి పంపు మళ్ళీ నడిచి తీరుతుందనీ చెప్పాడు. ఈలోగా ఏం వెతుక్కుంటారో వెతుక్కోండన్నాడు.

"మీ పని మనుషుల్ని వెతకడం. నా పని గోతులు పూడ్చడం. కర్మకాలి రెండూ ఒకేచోట పడ్డాయి," అన్నాడు.

"ఇంతకుముందు ఎప్పుడైనా ఇందులోకి వచ్చారా?" అని డిటెక్టివ్ అడిగాడు.

ఈ కాంట్రాక్టు వచ్చాక, జనవరిలోనే మొదటిసారి లోపల అడుగుపెట్టానని ఇంజనీరు చెప్పాడు. డిటెక్టివ్ అదీ రాసుకున్నాడు.

వెతకాల్సింది డెబ్బైమూడేళ్ళ ముసలాయన్ని. ఆ టవర్ నేల అంతస్తులో నలభై ఆరేళ్ళుగా పుట్టగొడుగులు పెంచుతున్న మనిషి. ఊరి చుట్టూ ఇలాంటి ఫిరంగి టవర్లు ఆరు కట్టారు. గోడలు రెండు నిలువుల మందం. యుద్ధం అయిపోయాక ఒకదాన్ని పేల్చబోతే చుట్టుపక్కల ఇళ్ళ కిటికీలన్నీ రాలిపోయాయి తప్ప దానికి పగులైనా రాలేదు. ఇక ఎవరికి తోచింది వాళ్ళు చేసుకున్నారు. ఒకదాన్ని శీతల గిడ్డంగి చేశారు. ఒకదాన్లో పాత కాగితాలు కుక్కారు. దీన్లో మాత్రం ఇళ్ళు కూలిపోయినవాళ్ళు పిల్లాపాపలతో చేరి ఇరవయ్యేళ్ళకు పైగా పై అంతస్తుల్లో కాపురాలు చేశారు. వెలుతురు లేని కింది గదుల్లో పుట్టగొడుగులు బాగా వస్తాయని ముసలాయన కనిపెట్టాడు. కాపురాలు పోయాయి, పుట్టగొడుగులు మిగిలాయి. ఇప్పుడు పునాది కుంగుతోందని, అడుగు నుంచి పైదాకా ఇసుకా సిమెంటూ కలిపిన పల్చటి మాలు పోసి మూసేస్తున్నారు. మంగళవారం పొద్దున ఎనిమిదీ ఐదుకి నేలమాళిగలో పోత మొదలైంది. ఈ రోజు బుధవారం. మధ్యాహ్నానికల్లా మాలు నేల అంతస్తుకు చేరుతుంది.

ముసలాయన సోమవారం సాయంత్రం నుంచి కనిపించడం లేదు.

ఆయన కూతురు డిటెక్టివ్ పక్కనే నడుస్తోంది. నలభై దాటిన మనిషి. ఒకటిన్నర రోజులు స్టేషన్ బల్ల మీద కూర్చుని ఉన్నదని చీర చూస్తేనే తెలుస్తుంది. ఏడాదిగా ఖాళీ చెయ్యనని దెబ్బలాడినవాడు కోపం వచ్చి ఎటో పోయి ఉంటాడని అక్కడ తేల్చేశారు. అందుకు ఆధారం ఇంజనీరు ఇచ్చిన కాగితం. మంగళవారం ఉదయం ఏడూ నలభైకి పన్నెండు గదులూ చూశాననీ, అన్నీ ఖాళీగా ఉన్నాయనీ అందులో రాసి ఉంది.

డిటెక్టివ్ నడుస్తూనే ఆమెను ప్రశ్నలడిగాడు. తండ్రి ఇంటి నుంచి బయల్దేరింది మూడున్నరకి. టవర్లో గోడకి తగిలించిన థర్మామీటర్లు మరిచిపోయానని, పట్టుకొస్తానని చెప్పి వెళ్ళాడు. ఏం బట్టలు వేసుకున్నాడంటే ఆమె చెప్పలేకపోయింది. ఆ సమయంలో దుప్పటి మడత పెడుతోందట. ఊఁ అన్నదే గాని తలెత్తి చూడలేదట. చెప్పడానికి ఉన్నది అంతే అయినా, అదే మాట రెండుసార్లు చెప్పింది.

ఆరింటికి కూడా రాకపోతే తనే వచ్చింది. ఆరూ పదికి లోపలికి వెళ్ళి ఏడున్నర దాకా పిలుస్తూ తిరిగింది. అన్ని గదులూ చూసింది.

"అన్నీ తలుపులు తీసి చూశారా?"

"అన్నీ చూశాను సార్."

కారిడార్ పొడుగునా ఇనప తలుపులు. ఒక్కో దానికి బయట రెండు అడ్డగడియలు. లోపలివైపు గడియలు లేవు. యుద్ధం అయిపోయాక, ఇంకెవరూ ఈ టవర్లలో చేరి లోపల గడియ వేసుకుని సర్కారు మీద తిరగబడకుండా, లోపలి పిడులన్నీ కోసేయమని ఉత్తర్వు వచ్చింది. కోసిన ముక్కలు ప్రతి తలుపుకీ మొండిచేతుల్లా కనిపిస్తున్నాయి.

ఐదో గది చూశారు, ఆరో గది చూశారు. కూతురు ఎనిమిదో గది వైపు నడిచింది. ఇంజనీరు ఆమె వెనకే నడిచాడు. ఇద్దరూ ఏడో గది ముందు ఆగలేదు సరికదా, అడుగు కూడా నెమ్మది చెయ్యలేదు. అందరికన్నా వెనకాల వస్తున్న కానిస్టేబులు మాత్రం వరసలో దాన్ని వదలడం ఎందుకని గడియ మీద చెయ్యి వేశాడు.

"ముట్టుకోకు," అంది కూతురు.

డిటెక్టివ్ ఆమె వైపు చూడలేదు. ఇంజనీరు చెయ్యి కూడా కానిస్టేబుల్ని ఆపడానికి గాలిలోకి లేచింది. ఆ చెయ్యి ఒక్క క్షణం అలాగే ఉండి, జేబులోకి పోయింది. దాన్నే ఆయన చూశాడు.

ఏడో గది తలుపుకి ఎర్ర గుడ్డ కట్టి ఉంది. ఎరువులో పుట్టగొడుగుల విత్తనం పాకడానికి పద్నాలుగు రోజులు పడుతుందనీ, ఆ పద్నాలుగు రోజులూ గాలి చొరకుండా గది మూసి ఎర్ర గుడ్డ కడతామనీ, దాన్ని ఎవరూ తెరవకూడదనీ కూతురు వివరించింది. తెరిస్తే పంట పోతుంది. అంతకన్నా ముఖ్యం, మూసిన గదిలో చెడుగాలి కిందికి దిగి ఉంటుంది. చూసుకోకుండా లోపలికి పోయినవాళ్ళు తిరిగి రారు. ఆమెకు ఆరేళ్ళప్పటి నుంచి నేర్పిన మొదటి పాఠం అదే.

"చివరి ఎరువు బస్తాలు ఎప్పుడు తీసేశారు?" అని డిటెక్టివ్ అడిగాడు.

ఇరవై రోజులైందని చెప్పింది.

"మరి ఈ గదిలో విత్తనం ఎవరు వేశారు?"

ఆమె, "సోమవారం ఈ తలుపు ముందు నిలబడ్డాను," అంది. "గుడ్డ చూసి వెళ్ళిపోయాను."

డిటెక్టివ్ గుడ్డ విప్పకుండా, అది ఎంత ఎత్తున ఉందో తన ఒంటితో కొలిచి చూసుకున్నాడు. తర్వాత గడియలు తియ్యమన్నాడు. పది నలభై తొమ్మిది.

గదిలో ముసలాయన లేడు.

ఖాళీ చెక్క అరలు, కరిగిపోయిన కొవ్వొత్తి, ఒక మూలకి థర్మామీటర్లు. కొవ్వొత్తిని నేలమీద కాకుండా మోకాలెత్తు అర మీద పెట్టాడు. చెడుగాలి ఎంతవరకు లేచిందో చూసుకోవడానికి వీళ్ళు అలాగే పెడతారు. నేలలో చదరపు కంత ఒకటి నోరు తెరుచుకుని ఉంది. దాని ఇనప మూత పక్కకి జరిపి ఉంది. యుద్ధకాలంలో నేలమాళిగ నుంచి ఫిరంగి గుళ్ళు పైకి లాగడానికి పెట్టిన సొరంగం అది. అడుగు నుంచి టవర్ నెత్తిదాకా ప్రతి అంతస్తులోనూ దానికో నోరు ఉంది. కంత మీది కొక్కేనికి రెండు మూరల గొలుసు వేలాడుతోంది. మిగతాది తెగిపోయింది.

గోడ మీద సుద్దముక్కతో రాసి ఉంది. ఏ గదిలోకి వెళ్ళినా వేళ, వేడి గోడ మీద రాయడం ముసలాయనకి నలభయ్యేళ్ళ అలవాటు. డిటెక్టివ్ మొదటి వరస చదివి, రెండోది చూసి, చటుక్కున గోడకి వీపు ఆనించి నిలబడ్డాడు. కూతురికి కనిపించకూడదనుకున్నాడు.

ఇంజనీరు పక్కకి వంగి, ఆయన భుజం మీదుగా చూశాడు.

"చదవమంటారా అమ్మా?" అన్నాడు. ఆమె జవాబు కోసం ఆగకుండా పాఠం అప్పజెప్పినట్టు చదివాడు. "సోమవారం నాలుగూ పది. తలుపు మూశారు. కేకలు వేశాను. సోమవారం ఆరున్నర. అమ్మాయి అడుగులు. తలుపు దగ్గర ఆగింది. కొట్టాను. వెళ్ళిపోయింది."

ఆమె కింద పడలేదు, ఏడవలేదు. చీర కొంగు తీసి వేలికి చుట్టుకుంటూ, ఇంత మందం తలుపు కదా, వినపడదు కదా అని కానిస్టేబుల్ని అడిగింది. వినపడదమ్మా అన్నాడతను. ఆమె మళ్ళీ అడిగింది.

మిగతాది డిటెక్టివే చదివాడు. మంగళవారం ఎనిమిదీ పది, కింద నీళ్ళ చప్పుడు, మనుషులు వచ్చారేమో. మంగళవారం నాలుగు, నీళ్ళు కావు. చివరి వరసలో అక్షరాలు కిందికి జారిపోయాయి. బుధవారం రెండు, కొవ్వొత్తి ఆరింది, గాలి కంతలోంచే వస్తోంది, పలక మీదికి దిగుతాను.

పలక అంటే ఏమిటని అడిగితే కూతురు గబగబా చెప్పింది. కంతలో పది మూరల లోతున గోడలోకి ఒక గూడు ఉంటుంది. గుళ్ళు ఆనించడానికి కట్టింది. చిన్నప్పుడు పాల క్యాను తాడుకి కట్టి దాని మీదికి దించేవాళ్ళు, చల్లగా ఉంటుందని. ఒక మనిషి ముడుచుకుని కూర్చోవచ్చు. నిలబడే ఎత్తు లేదు. పైనుంచి లైటు వేసినా కనపడదు.

డిటెక్టివ్ జేబులోంచి దారపుండ తీసి చివర ఇనప నట్టు కట్టి కంతలోకి వదిలాడు. పద్నాలుగు మూరల దగ్గర నట్టు మెత్తటి దాన్ని తాకింది. పైకి లాగితే మాలు అంటుకుని వచ్చింది. పది యాభై మూడు. పలకకీ మాలుకీ మధ్య ఇంకా నాలుగు మూరలుంది.

ఆయన కంతలోకి వంగి పిలిచాడు. జవాబు లేదు. కానిస్టేబులు పిలిచాడు. లేదు. కూతురు బోర్లా పడుకుని తల కంతలోకి పెట్టి, "నాన్నా," అంది. మామూలుగా, భోజనానికి పిలిచినట్టు పిలిచింది.

కింద నుంచి రాయి మీద రాయి కొట్టిన చప్పుడు వచ్చింది. మూడుసార్లు.

కానిస్టేబుల్ని డిటెక్టివ్ పరిగెత్తించాడు. ఫైరింజనుకి ఫోన్ చెయ్యాలి, తాడు నిచ్చెన తేవాలి. ఎంత తొందరగా వచ్చినా అరగంట పడుతుందని వాడు గుమ్మంలోనే చెప్పాడు. పరవాలేదు, పంపు ఆగి ఉంది కదా అన్నాడు డిటెక్టివ్. పదకొండూ ఇరవైకి మళ్ళీ నడవదని ఇంజనీరుకి చెప్పాడు. ఇంజనీరు తల ఊపి అర మీద తీరిగ్గా కూర్చున్నాడు. ఆ తీరిక డిటెక్టివ్‌కి నచ్చలేదు.

"మీరు పుట్టి పెరిగింది ఎక్కడ?"

"దానికీ దీనికీ ఏమిటి సంబంధం?"

"ఎర్ర గుడ్డ ఎక్కడ కడతారమ్మా?" అని డిటెక్టివ్ కూతుర్ని అడిగాడు.

గడియ పిడికి కడతామని ఆమె తల తిప్పకుండానే చెప్పింది. అంతలోనే మోచేతుల మీద లేచి తలుపు వైపు చూసింది. గుడ్డ పిడికి లేదు. చాలా కిందికి, నడుం ఎత్తున, తలుపు బందుకి రెండు చుట్లు చుట్టి ఉంది.

"రంగు చూశాను," అంది. "ఎత్తు చూడలేదు."

పైన కాపురాలున్న రోజుల్లో అక్కడ కట్టేవాళ్ళని తండ్రి చెప్పేవాడని ఆమె అంది. పిల్లలు కారిడార్లో ఆడుకుంటూ తలుపులు లాగుతారని, వాళ్ళ కళ్ళకి ఆనేలా అంత కిందికి కట్టేవాళ్ళు. కాపురాలు పోయాక ఆ అవసరం లేకపోయింది. తనకు బుద్ధి తెలిశాక ఎప్పుడూ పిడికే.

"నలభయ్యేళ్ళుగా ఇక్కడ ఎవ్వరూ అంత కిందికి కట్టలేదు," అన్నాడు డిటెక్టివ్. "కట్టినవాడు ఈ గుడ్డని పిల్లవాడిగా చూశాడు. ఎదిగాక మళ్ళీ చూడలేదు. మీ వయసు యాభై కదా ఇంజనీరు గారూ."

ఇంజనీరు గుడ్డ వైపు చాలాసేపు చూశాడు. మొదటిసారిగా అతని మొహంలో నవ్వు లేదు. తప్పు దొరికిన లెక్క చూసుకున్నట్టు తల పంకించాడు.

"ఏడేళ్ళు నాకప్పుడు," అన్నాడు. "మేము ఐదో అంతస్తులో ఉండేవాళ్ళం. చలికాలం. ఎరువు గదులు వెచ్చగా ఉంటాయి. మా అమ్మకి దగ్గు. నన్ను పక్కింటావిడ దగ్గర వదిలి, కాసేపు పడుకుని వస్తానని ఇదిగో ఈ గదిలోకే వచ్చింది. ఈమె నాన్న గడియ వేసి గుడ్డ కట్టాడు. లోపల చూడలేదు. పద్నాలుగు రోజులు నేను ప్రతి రోజూ ఈ తలుపు ముందు నిలబడ్డాను సార్. గుడ్డ ఉంటే తెరవకూడదని నాకు చెప్పారు. నేను బుద్ధిమంతుణ్ణి."

కూతురు మళ్ళీ కంత వైపు తిరిగింది.

"ఆయనకి తెలుసా, నువ్వెవరో?" అని డిటెక్టివ్ అడిగాడు. మీరు అనడం ఆయనకి తెలియకుండానే పోయింది.

సోమవారం చెప్పానని ఇంజనీరు అన్నాడు. తలుపు మూశాక, బయటి నుంచి గట్టిగా కేకేసి చెప్పాడట. వినపడిందో లేదో తెలియదట. అదొక్కటే బాధగా ఉందన్నాడు. గోడ మీద తన పేరు రాస్తాడేమోనని ఆశపడ్డాననీ, రాయలేదనీ అన్నాడు. నిజంగానే నిరాశపడ్డవాడిలా ఉన్నాడు.

పదకొండూ ఐదు అయింది. అతని తీరిక ఇంకా డిటెక్టివ్ మనసులో గుచ్చుకుంటూనే ఉంది. నేరం బయటపడ్డవాడికి కాళ్ళు ఆడవు, లేదా నోరు ఆగదు. ఇతను వాచీ చూసుకుంటున్నాడు. డిటెక్టివ్ దారం మళ్ళీ కంతలోకి వదిలాడు.

నట్టు పదకొండు మూరలకే ఆగింది.

తప్పు కొలిచాననుకుని పైకి లాగి మళ్ళీ వదిలాడు. పదకొండు కూడా లేదు.

"పంపు ఆపమన్నారు, ఆపాను," అన్నాడు ఇంజనీరు. "పైన కప్పు మీద తొట్టి ఉంది. పొద్దున్నే క్రేనుతో నింపాం. అది ఉత్తరం వైపు గాలిగొట్టంలోంచి దానంతటదే దిగుతుంది. దానికి పంపు అక్కర్లేదు, వాలు చాలు. కట్టెయ్యాలంటే పైన చక్రం తిప్పాలి."

డిటెక్టివ్ అతని నడుముకున్న వాకీటాకీ కోసం చెయ్యి చాచాడు. ఇంజనీరు దాన్ని తీసి, ఇవ్వబోతున్నట్టు ముందుకు చాపి, కూతురి తల పక్కగా కంతలోకి వదిలేశాడు. అది గోడలకి రెండుసార్లు తగిలి, మెత్తగా పడింది. నీళ్ళలో పడ్డ చప్పుడు కాదు.

"నేనెక్కడికీ పారిపోను సార్. మీరు వెళ్ళండి. ఎనిమిది అంతస్తులు. లిఫ్టు యుద్ధంలోనే పోయింది. పైన ఉన్నవాడికి చెవులకి డిప్పలుంటాయి, అరిస్తే వినపడదు." తర్వాత నేల మీద పడుకున్న ఆమెతో, "చెల్లెమ్మా, నువ్విక్కడే ఉండు," అన్నాడు.

డిటెక్టివ్ అతని చేతికి బేడీ వేసి, రెండో చివర తలుపు గడియకి తగిలించి, మెట్లవైపు పరిగెత్తాడు. పదకొండూ ఏడు. మూడు మూరలకి పన్నెండు నిమిషాలు పట్టింది. పలక దాకా రావడానికి ఇంక మూడు, నాలుగు నిమిషాలు. కూర్చున్న మనిషికి గొంతుదాకా రావడానికి ఇంకో ఎనిమిది. ఒక్కో అంతస్తుకి ఇరవైరెండు మెట్లు. ఆయన వయసు యాభై ఎనిమిది. ఎడమ మోకాలు పనిచెయ్యడం మానేసి రెండేళ్ళయింది.

మొదటి అంతస్తు దగ్గర ఆయనకి ఆమె గొంతు వినపడింది. ప్రతి అంతస్తులోనూ మెట్ల పక్కనే ఆ సొరంగం నోరు. గొంతు అందులోంచి పైకి వస్తోంది. అవునంటే ఒకసారి కొట్టు, కాదంటే రెండుసార్లు కొట్టు నాన్నా అని చెబుతోంది. దెబ్బ తగిలిందా అని అడిగింది. ఒక చప్పుడు. చలిగా ఉందా. ఒక చప్పుడు.

రెండో అంతస్తు. కాళ్ళు తడిశాయా అని అడుగుతోంది. రెండు చప్పుళ్ళు.

మూడో అంతస్తులో ఆయన గోడ పట్టుకుని నిలబడాల్సి వచ్చింది. అప్పుడు కాళ్ళు తడిశాయా అని మళ్ళీ అడిగింది. ఒక చప్పుడు వచ్చింది. ఆమె గొంతు మారలేదు. కాళ్ళు పైకి ముడుచుకోమని చెప్పింది. పోలీసాయన పైకి వెళ్తున్నాడనీ, చక్రం కట్టేస్తాడనీ చెప్పింది.

నాలుగో అంతస్తులో మోకాలు మడత పడింది. ఆయన చేతుల మీద నాలుగు మెట్లు పాకి, మళ్ళీ లేచాడు. కింద ఆమె ఏదో చెబుతూనే ఉంది. దుప్పటి మడత పెడుతున్నాననీ, అందుకే చూడలేదనీ, నీ మీద కోపంతో కాదనీ. అది ప్రశ్న కాదు కాబట్టి జవాబు రాలేదు.

ఐదో అంతస్తు. పదకొండూ పన్నెండు. "నడుం దాకా వచ్చిందా నాన్నా?"

చాలాసేపటికి ఒక చప్పుడు వచ్చింది.

"సోమవారం వచ్చింది నేనే. నువ్వు కొట్టావని తెలీదు. తెలిస్తే పోయేదాన్నా? నమ్ముతున్నావా?"

డిటెక్టివ్ ఆ జవాబు కోసం ఆగకూడదని తెలిసీ ఒక క్షణం ఆగాడు. ఊపిరి బిగబట్టి విన్నాడు. పైనుంచి, ఇంకా మూడంతస్తుల అవతల నుంచి, గాలిగొట్టంలో మాలు జారుతున్న సన్నటి చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆయన మళ్ళీ ఎక్కడం మొదలుపెట్టాడు.

ఆరో అంతస్తులో ఆమె అదే ప్రశ్న ఇంకోసారి అడుగుతోంది.